ఇంటిపనియు, ఇంటినుండి పనియు

గృహస్థుడనగా ఇంటియందుండువాడని అర్థము. మన పురుషులు తరతరములుగా ఈ బిరుదమును ధరించియు, ప్రొద్దున తొమ్మిది గంటలకు ఇల్లు విడిచి రాత్రి ఎనిమిదింటికి మరలి వచ్చుచుండిరి. 2020 మార్చిలో మహమ్మారి వచ్చి దేశమంతటను తలుపులు మూయించిన నాడు గాని ఆ పేరు సార్థకము కాలేదు. హైదరాబాదులో మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతముల అద్దాల మేడలు నిర్మానుష్యములయ్యెను. ఉద్యోగులు ల్యాప్‌టాపులు సంచులలో పెట్టుకొని సొంత ఊళ్లు చేరిరి. పడకగది మూలనున్న బల్ల కచేరీ అయ్యెను. కార్యాలయమను మాటలో ఆలయమనగా ఇల్లే గనుక వ్యుత్పత్తికి భంగము రాలేదు. భంగము వచ్చినది మఱియొకచోట.

ఇప్పుడా మేడల యజమానులు ఉద్యోగులను మరల పిలుచుచున్నారు. 2025 నాటికి తన ఉద్యోగులలో నాలుగవ వంతునకు మించి ఏ సమయమునను ఆఫీసులో ఉండనక్కఱలేదని 2020లో ప్రకటించిన టీసీఎస్ సంస్థయే, 2023 అక్టోబరు నుండి వారమునకు ఐదు దినములును రావలెనని ఆజ్ఞాపించినది. అమెజాన్ కంపెనీ 2025 జనవరి 2 నుండి అట్టి నియమమునే పెట్టినది. ఎదుట కూర్చుండనిదే శిష్యునకు విద్య రాదని యజమానులు గురుకులధర్మము బోధించుచున్నారు. రోడ్డుమీద రెండు గంటలు పొగ మ్రింగి, మేడలో కూర్చుండి, పక్కగదిలోని వానితో కంప్యూటరు ద్వారముననే మాటలాడుటకు ఆ ప్రయాణమేల యని ఉద్యోగులు ప్రశ్నించుచున్నారు. ఇరువురి మాటలలోను కొంత సత్యము కలదు. కాని ఇరుపక్షముల వారును ఇంటిని గుఱించి ఇంతగా వాదించుచు, ఆ ఇంటి లోపల ఎవరేమి చేయుచున్నారో ఒక్కమాఱు తొంగి చూచుట లేదు. నా తగవు ఇరువురితోను.

మొదట పండితుల పరీక్షలను చూతము. చైనాదేశమున ఒక ప్రయాణసంస్థ 2010–11లో తన షాంఘై ఉద్యోగులలో కొందఱిని తొమ్మిది నెలలు ఇంటినుండి పని చేయనిచ్చినది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయాచార్యుడు నికొలస్ బ్లూమును, ఆయన సహచరులును లెక్క కట్టగా పని నూటికి పదుమూడు వంతులు పెరిగినది. ఇంటిపనికి వకాల్తా పుచ్చుకొన్నవారందఱును ఈ అంకెను కంఠపాఠము చేసినారు. అయితే ఆ పరీక్షకు అర్హులెవరన్న సంగతి మాత్రము వారు చెప్పరు. ఇంటిలో తనకంటూ ప్రత్యేకమైన గది యున్నవారినే ఆ సంస్థ స్వీకరించినది! పరీక్ష ముగిసిన పిమ్మట ఇష్టమైన చోటు కోరుకొమ్మనగా సగముమంది తమ మనసు మార్చుకొనిరి.

ఇక మన పొరుగున చెన్నపట్టణములో కంప్యూటరునకు లెక్కలెక్కించు పనివారిపై అట్కిన్, షోర్, శిందే అను ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు చేసిన పరీక్ష 2023లో వెలువడినది. అక్కడ ఇంటినుండి చేసినవారి పని ఆఫీసువారి పనికంటె నూటికి పదునెనిమిది వంతులు తక్కువ. ఇంతటితో యజమానులు చప్పట్లు కొట్టవచ్చును. కాని కొంచెము నిలిచి తక్కినదియు చదువవలెను. ఆఫీసును కోరినవారికి ఇంట పదుమూడు వంతులే తగ్గగా, ఇల్లే కావలెనని కోరినవారికి ఇరువదియేడు వంతులు తగ్గినది. కోరినచోట పని ఏల తగ్గవలెను? పిల్లలు గలవారును, ఇంటివారిని కనిపెట్టుకొని యుండవలసినవారును, బీదవారును ఈ విషయమున ఎక్కువ చిక్కుపడినట్లు ఆ పండితులే వ్రాసిరి. అనగా వారు ఇంటిని సుఖమునకై కోరలేదు. ఇల్లు విడిచి కదల వీలులేక కోరినారు. ఏ బంధము వారిని ఇంట నిలిపినదో ఆ బంధమే వారి పనిని మ్రింగినది. షాంఘైలో గదికి తలుపున్నది. మన యింట తలుపున్నను దానిని తట్టనివా డెవడు?

ఆ బంధమునకు కొలత లేకపోలేదు. భారతప్రభుత్వము 2024లో జరిపిన కాలవినియోగపు లెక్కలలో, వంట, పాచి మొదలైన జీతము లేని ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు దానికి వెచ్చించుచున్నారు. ఆ పని చేయు పురుషులు వెచ్చించునది 88 నిమిషములు. పిల్లలను, ముసలివారిని చూచుకొనుట ఇందులో చేరలేదు. దానికి వేఱు లెక్క కలదు, అదియు ఇట్టిదే. ఆఫీసునకు పోవు స్త్రీకి ఈ అయిదు గంటల పని ఉదయమునకును రాత్రికిని చీలి యుండెను. నడుమనున్న గంటలయందైనను ఆమె కంపెనీకి మాత్రమే సేవకురాలు. ఇంటినుండి పని వచ్చిన తరువాత ఆ నడిమి గోడయు పడిపోయినది. ఒకే బల్లమీద మీటింగును, మునగకాడలును చేరినవి.

మహమ్మారి దినములలో మా ఉపాధ్యాయులమందఱమును ఫోనుద్వారా పాఠములు చెప్పితిమి. పంతులుగారు పాఠము చెప్పుచుండగా ఇంటిలోనివారు అడుగుల చప్పుడు కాకుండ నడచిరి, పిల్లవాని నోరు మూసిరి. పంతులమ్మగారు సవర్ణదీర్ఘసంధి చెప్పుచుండగా కుక్కరు ఈల వేసెను, "ఒక్క నిమిషం, పిల్లలూ!" అని ఆమె లేచిపోయెను. ఆ ఒక్క నిమిషమును అడిగిన పురుషోపాధ్యాయుని నే నెఱుగను. ఇరువురును ఇంటినుండియే పని చేసిరి, ఇరువురకును జీతమొక్కటే.

ఇంతకంటె నాకు కష్టము తోచునది విరోధుల మాట కాదు, మిత్రుల మెప్పు. ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు 2025 ఫిబ్రవరిలో, ముఖ్యముగ స్త్రీల కొఱకు, ఇంటినుండి పనిని పెద్దయెత్తున ఏర్పఱుపదలచినట్లు ప్రకటించిరి. ఉద్దేశము మంచిదే, చదివియు ఊరు విడువ వీలులేక ఉద్యోగము మానిన కోడళ్లు ప్రతి వీథిలోను ఉన్నారు. కాని ఆ ప్రకటన విని మన పెద్దమనుష్యులు సంతసించిన తీరు వినుడు: "అమ్మాయి ఇంటిపట్టున ఉంటుంది, వంటా వార్పూ చూసుకుంటుంది, పిల్లల్ని కనిపెట్టుకుంటుంది, జీతమూ వస్తుంది." ఇందులో అబ్బాయి చేయునది ఏమో ఎవ్వరును చెప్పలేదు. 1874లో ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు బాలికల బడి పెట్టిన నాటినుండి ఆడుపిల్ల గడప దాటుటకు ఎందఱెందఱో మాటలు పడిరి, వెలులు పడిరి. అంత శ్రమపడి దాటించిన గడపను ఒక ఇంటర్నెట్టు తీగ చేతికిచ్చి మరల లోపలికి దాటింతురా? లోపలికి వచ్చినందుకు ఆమె కృతజ్ఞురాలై కూడ ఉండవలెనా?

ఇది క్రొత్త వింతయని తలచువారు నరసాపురము పోయి చూడవలెను. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడి స్త్రీలకు ఇంటినుండి పనియే. జర్మనుదేశపు సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ స్త్రీల నడుమ నుండి వ్రాసిన గ్రంథము 1982లో అచ్చయినది. వారల్లిన లేసు సముద్రములు దాటి పోయెను. ఎగుమతిచేసిన వర్తకులు ధనికులైరి. అల్లినవారు మాత్రము పనివారుగా లెక్కకు రాలేదు. ఏలయనగా వారు గృహిణులట! తీఱిక వేళల ఏదో అల్లుకొనుచున్నారట! తీఱికయే ఎఱుగని స్త్రీ చేసిన పనికి తీఱికపని యని పేరు పెట్టినచో కూలి తగ్గించుట ఎంత సులువు. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల వైపున తునికాకు కత్తిరించి వేయి బీడీలకింత యని చుట్టు స్త్రీల కథయు ఇదియే. 1966 నాటి బీడీకార్మికుల చట్టము ఇంట కూర్చుండి చుట్టువారిని కూడ కార్మికులుగా గుర్తించినది గనుక వారికి కొంత దిక్కు కలిగినది. అంతర్జాతీయ కార్మికసంస్థ 1996లో ఇంటిపనివారి కొఱకు ఒక ఒడంబడిక చేసినది. మనదేశము దానిని అంగీకరించలేదు.

సాఫ్ట్‌వేరు ఉద్యోగినికిని లేసు అల్లిన ముసలమ్మకును పోలిక యేమని కొందఱు నవ్వవచ్చును. జీతములో పోలిక లేదు. కాని పదోన్నతి నిర్ణయించునాడు "ఆమె ఇంట ఉన్నది గదా" యను ఒక్క మాటతో పేరు జారిపోవుటలో పోలిక లేదా? షాంఘై పరీక్షలోనే, సమానముగ పని చేసినప్పటికిని ఇంటివారికి పదోన్నతి తక్కువగా వచ్చినది. అందఱును రెండు దినములు ఇంట, మూడు దినములు ఆఫీసులో నుండు పద్ధతిని అదే సంస్థ 2021–22లో పదునాఱు వందలమందిపై పరీక్షింపగా, పదోన్నతిలో భేదము కానరాలేదు. ఉద్యోగము మానువారి సంఖ్యయు మూడవ వంతు తగ్గినది. కావున ఐదు దినముల ఆజ్ఞ పట్టుకొని వ్రేలాడు యజమానుని పక్షమున నేను లేను. ఆ ఆజ్ఞ వచ్చినప్పుడు మొట్టమొదట రాజీనామా వ్రాయునది చంటిబిడ్డ తల్లియే యని అతడెఱుగును. యాబదిమంది పనివారున్నచోట శిశుశాల ఉండవలెనని 2017లోనే చట్టము చేసిరి. హాజరుపట్టీమీద ఇంత శ్రద్ధగల యజమాని ఆ శిశుశాలకు తాళము తీసెనా యని ముందు చెప్పవలెను.

ఆఫీసు గంటల తరువాత ఫోను ముట్టని హక్కును గుఱించి ఫ్రాన్సుదేశమున 2017 నుండి కంపెనీలు ఉద్యోగులతో మాటలాడి తీరవలెను. అట్టిది మనకును కావలసినదే. అయితే కంపెనీ విడిచిన గంటను ఇల్లు పట్టుకొనకుండ చేయు చట్టము ఏ శాసనసభయు చేయజాలదు. అది ఈ పత్రిక చదువు ఇండ్లలో జరుగవలసిన పని. మూడు గదుల ఇంటిలో ఒకటి పూజకు, ఒకటి అతిథులకు కేటాయించగలవారు, కోడలు తలుపు వేసికొని పనిచేసికొనుటకు చోటు లేదనుట నమ్మదగిన మాట కాదు. ఒక్క గది ఇల్లయినచో గంటలనైనను కేటాయింపవచ్చును: ఆ గంటలలో ఆమె ఊరిలో లేనట్లే. కాఫీ కావలసినవాడు పెట్టుకొనవలెను.

ముఖ్యమంత్రిగారి ప్రకటనలోనే, పట్టణములలోను మండలములలోను పనిచోట్లు కట్టువారికి ప్రోత్సాహమిత్తుమను మాటయు ఉన్నది. స్త్రీల పేరిట వచ్చిన పొగడ్తలో అది మునిగిపోయినది గాని, నాకు అందులో అన్నిటికంటె నచ్చినది అదియే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయమహాసభ కూడిన తరువాత ఊరూర పఠనమందిరములు వెలసినట్లు, ఊరూర పదిమంది కూర్చుండి పనిచేయు నాలుగు గదులు, నమ్మకమైన కరెంటు, ప్రక్కనే పిల్లల గది ఉన్నచో ఎంత బాగుండును! అప్పుడు అమలాపురములో ఆమె తొమ్మిది గంటలకు చెప్పులు తొడిగికొని గడప దాటును. ఇంటినుండి పని యనుమతి భర్త వ్రాయించుకొనును. మధ్యాహ్నము బడి విడిచి వచ్చిన పిల్ల తలుపు తట్టినప్పుడు, మీటింగు నడుమ "ఒక్క నిమిషం" అని లేచువాడు అతడగును.