ఎర్ర దీపం వైరు

ఎర్ర దీపం వెలిగింది. డ్రైవరు వైరు పీకేశాడు. దీపం ఆరింది. ఇంజను మాత్రం కాగుతూనే ఉంది.

స్టేషన్ బోర్డు మీద టాటానగర్, ఊరి పేరు జంషెడ్‌పూర్. రెండు పేర్లూ 1919లో వచ్చినవే. సువర్ణరేఖ మీది మానగో వంతెన దాటి, దల్మా కొండల పక్కగా పటమదా వైపు వెళ్తే పొగగొట్టాలు వెనకబడి కూరగాయల మడులు మొదలవుతాయి. ఆ దారిలో ఉందో మెకానిక్ షెడ్డు. యజమానికి అరవై దాటాయి. ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. కొడుక్కి తిట్లు హిందీలో వస్తాయి, లెక్కలు మాత్రం తెలుగులోనే.

నేను వెళ్లేసరికి షెడ్డు ముందు 20 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్ ఆగి ఉంది. పక్కన దాని సొంతదారు, దిగాలుగా. దమ్ము చేస్తుండగా వేడి దీపం వెలిగిందట. మొదట చూపించిన చోట ఇంజను విప్పాల్సిందేనని చెప్పి, ఖర్చు అంచనా చేతిలో పెట్టారు. నాట్లు ఆగేలా లేవు. పంట రాగానే బ్యాంకు కిస్తీ కట్టాలి. అందుకే డ్రైవరు వైరు పీకి మరో రెండు రోజులు నడిపాడు.

ఇలాంటి ట్రాక్టర్లు ఎందుకు పెరుగుతున్నాయో కమతాల లెక్క చూస్తే తెలుస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఎగుడుదిగుడు మడుల్లో పెద్ద బండి తిరగడం కష్టం. చిన్న బండి చవక, ఇరుకు గట్ల మధ్య కూడా దూరుతుంది. అయితే చిన్న రైతుకు రెండో బండి ఉండదు. ఇంజను పట్టేస్తే ఆ సీజను పోయినట్టే.

మెకానిక్ పానా ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. దీపం స్టార్టు చేయగానే వెలిగిందా, పని మొదలుపెట్టాకా? రోజూ నీళ్లు పోయాల్సి వస్తోందా? ఈమధ్య ఏమైనా మార్చారా?

ఆ ప్రశ్నల్లోనే సగం రోగ నిర్ధారణ ఉంది. చల్లటి ఇంజను స్టార్టు చేయగానే వేడి దీపం వెలిగితే అనుమానించాల్సింది సెన్సారునో వైరునో, ఇంజనును కాదు. ఖాళీగా తిరిగినప్పుడు బాగుండి, రోటవేటర్ దింపగానే వేడెక్కితే గాలో నీరో చాలడం లేదన్నమాట. నీళ్లు తరచూ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. బయట తడి కనిపించకపోతే లోపల కారుతోందని భయపడాలి.

తర్వాత చూడటం మొదలుపెట్టాడు. చవక నుంచి ఖరీదుకు, బయటి నుంచి లోపలికి. అదే ఆయన పద్ధతి. ఇంజను పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీశాడు. మూత 0.9 బార్ ఒత్తిడిని పట్టి ఉంచితే లోపలి నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, ఆ నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో పాటు మొహం మీదికి ఎగజిమ్ముతుంది. మూత రబ్బరు చీలినా బండి త్వరగా మరుగుతుంది. దాని ఖరీదు మాత్రం స్వల్పం.

నీటి మట్టం కొంచెమే తగ్గింది. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది, బాగా వదులు. రేడియేటర్ ముందున్న జాలీ తీస్తే అసలు దొంగ దొరికాడు. పోయిన పంట నూర్పిడి నాటి పొట్టు, దాని మీద దమ్ము బురద, రెండూ కలిసి ఎండి అట్టకట్టాయి. గాలి చొరబడే సందు లేదు. ఇంజను వైపు నుంచి ముందుకు, అంటే ఫ్యాన్ లాగే గాలికి ఎదురుగా, మెల్లగా గాలి కొట్టి శుభ్రం చేశాడు. గట్టిగా కొడితే పలచటి రేకులు వంగిపోతాయి.

అప్పటికీ తగ్గకపోతే? పై గొట్టం కాలిపోతూ కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదనో, రేడియేటర్ లోపల పూడుకుపోయిందనో అర్థం. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది. అందుకే శుద్ధి చేసిన నీళ్లూ కూలెంటూ కలిపి పోయాలి. కొందరు థర్మోస్టాట్‌నే తీసి పారేస్తారు. అప్పుడు ఇంజను తగినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుతుంది. ఇంజను నడుస్తుండగా రేడియేటర్‌లో బుడగలు వస్తున్నా, ఆయిలు పాలలా మారినా హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఇంజను విప్పే మాట అక్కడ ఎత్తాలి, అంతకు ముందు కాదు.

పొలంలో దీపం వెలిగితే ఏం చేయాలని అడిగాను. లోడు తీసేసి కాసేపు నిదానంగా తిరగనివ్వాలి, ఫ్యానూ పంపూ వేడిని లాగేస్తాయి అన్నాడు. ఆవిరి చిమ్ముతున్నా, బెల్టు తెగినా, వేడి తగ్గకపోయినా వెంటనే ఆపేయాలి. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయకూడదు. ఇనుము పగులుతుంది.

"మా నాన్న పనిచేసిన ఫర్నేసు గోడకి నీళ్లు తిరుగుతుండాల బాబూ. అక్కడ గంట మోగితే గంట నోరు కట్టీరు, నీళ్లు ఏటయ్యాయో చూస్తారు" అన్నాడు, పీకిన వైరును మళ్లీ తగిలిస్తూ.

రాజనీతి శాస్త్రం చదివిన బుద్ధి ఊరుకుంటుందా? 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికలకు సెన్సార్ బిగించినప్పుడు ఢిల్లీ చేసింది ఇదే. దీపాలు ఆరిపోయాయి, అంతా చల్లగా ఉందనుకున్నారు. కింద ఎంత కాగిందో 1977 మార్చి ఫలితాలు వచ్చేదాకా తెలియలేదు. గిట్టని లెక్కలు తొక్కిపెట్టే ప్రభుత్వమైనా, ఫిర్యాదు చేసిన ఉద్యోగిని బదిలీ చేసే కార్యాలయమైనా చేసేది వైరు పీకడమే. మరమ్మతు కంటే అది తేలిక, అప్పటికి మాత్రమే.

బెల్టు బిగించారు, నీళ్లు నింపారు. రోటవేటర్ తగిలించి పక్క చేలో అరగంట తిప్పి చూశారు. దీపం వెలగలేదు. రైతు ఇంజను విప్పే ఖర్చు అంచనా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మళ్లీ వెలిగితే?" అని డ్రైవరు సందేహం.

"ముందు జాలీ చూడు. వైరు జోలికెళ్లకు" అని హిందీలో చెప్పాడు మెకానిక్. వెంట ఒక తిట్టు కూడా.