పురస్కారానికి ముందు పుస్తకం

కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగు పుస్తకాలకు పురస్కారం ఇవ్వడం 1955లో మొదలుపెట్టింది. 2024 వరకు, డెబ్బై ఏళ్లలో, ప్రధాన పురస్కారం అందుకున్న స్త్రీలు అయిదుగురే: ఇల్లిందల సరస్వతీదేవి (1982), మాలతీ చందూర్ (1992), అబ్బూరి ఛాయాదేవి (2005), కాత్యాయనీ విద్మహే (2013), ఓల్గా (2015). వీరిలో రాయలసీమ స్త్రీ ఒక్కరూ లేరు.

మొదటి పేరు రావడానికే ఇరవై ఏడేళ్లు పట్టింది. అంతవరకు స్త్రీలు రాయలేదా? 1960, 70 దశకాల్లో వారపత్రికలు చాలావరకు నడిచింది రచయిత్రుల సీరియళ్ల మీదే. పాఠకులకు కొదవ లేదు. కానీ విమర్శకుల్లో చాలామంది దాన్ని ఆడవాళ్ల కాలక్షేపం కింద జమకట్టారు. స్త్రీలు రాయవచ్చు, రాసినదాన్ని సాహిత్యమని ఒప్పుకోవడం దగ్గరే పేచీ వచ్చింది.

ఇక మన ఉమ్మడి చిత్తూరు జిల్లా. మధురాంతకం రాజారాం (1993), వల్లంపాటి వెంకటసుబ్బయ్య (1999), రాచపాళెం చంద్రశేఖరరెడ్డి (2014), మధురాంతకం నరేంద్ర (2022) ఈ పురస్కారం పొందారు. వారి అర్హత మీద మనకు అనుమానం లేదు. అయితే తండ్రీకొడుకులిద్దరూ ఉన్న ఈ జాబితాలో ఒక్క స్త్రీ కూడా ఎందుకు లేదన్నది అడగవలసిన ప్రశ్న. రెండు వందల ఏళ్ల కిందటే తరిగొండ వెంగమాంబ కావ్యాలు, యక్షగానాలు రాసిన నేల ఇది. తిరుమలలో అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టుకున్నాం. భక్తురాలిగా తెలిసినంతగా కవయిత్రిగా ఆమె మన ఆడపిల్లలకు తెలియదు.

అకాడమీ నిబంధనల్లో ఆడా మగా తేడా లేదు. పురస్కారం పుస్తకానికి ఇస్తారు. నిర్ణీత అయిదేళ్ల కాలంలో మొదటిసారి అచ్చయిన పుస్తకాలనే పరిశీలిస్తారు. చివరి నిర్ణయం ముగ్గురు న్యాయనిర్ణేతలది. చూడ్డానికి అంతా సమానమే. అసమానత పుస్తకానికి ముందే ఉంది. మదనపల్లెలోనో పుత్తూరులోనో ఒక పంతులమ్మ ఇరవై ఏళ్లుగా రాసిన కథలు పత్రికల కత్తిరింపులుగా ట్రంకుపెట్టెలో పడి ఉంటాయి. అచ్చువేయాలంటే సొంత డబ్బు పెట్టుకోవాలి. జీతం ఆమెదే అయినా ఖర్చుకు అనుమతి ఇంట్లో అడగాలి. పుస్తకం వచ్చినా ఆవిష్కరణలు, సమీక్షలు, పరిచయాలు హైదరాబాదులోనో విజయవాడలోనో నడుస్తాయి. దళిత, ముస్లిం స్త్రీలకు ఈ దారి ఇంకా ఇరుకు. పెట్టెలో ఉన్న కథలు ఏ న్యాయనిర్ణేత బల్ల మీదికీ చేరవు.

ఈ విషయంలో అస్సాంలోని బోడో ప్రజల నుంచి నేర్చుకోవలసింది ఉంది. వారు 1952లో బోడో సాహిత్య సభ పెట్టుకున్నారు. 1963లో ప్రాథమిక బడుల్లో బోధన తమ భాషలో జరిగేలా సాధించుకున్నారు. 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు, 2005 నుంచి అకాడమీ పురస్కారం ఆ తర్వాతే వచ్చాయి. 2022లో ఆ పురస్కారం రశ్మి చౌధురి అనే కవయిత్రికి దక్కింది. సంఘం, బడి, పుస్తకం ముందు వచ్చాయి. గుర్తింపు వాటి వెనక వచ్చింది.

కాబట్టి అకాడమీని మనం రెండు అడగాలి. న్యాయనిర్ణేతల్లో ఏటా కనీసం ఒక స్త్రీ ఉండాలి. పరిశీలనకు వచ్చిన పుస్తకాల జాబితాను, ఎంపికకు కారణాలను ప్రజల ముందు పెట్టాలి. తిరుపతిలో 1983 నుంచి ఉన్న శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాన్ని ఒకటి అడగాలి: సీమ రచయిత్రుల చెదిరిపోయిన రచనలను సేకరించే బాధ్యత తీసుకోమని.

మిగిలింది మన పని. 1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చులోకి తెచ్చింది. ఒక మహిళా సంఘం చేయగలిగిన పని అది. మన సంఘాలు ఒక్కొక్కటీ ఈ ఏడాది ఒక్క రచయిత్రి కత్తిరింపులను వెతికి, చందాలు వేసుకుని, పుస్తకంగా తేవాలి. పురస్కారం వచ్చినా రాకపోయినా ఆ పుస్తకం మన పిల్లల చేతికి అందుతుంది.