క్రిస్మస్‌కి వచ్చిన తాతను పిల్లల ముందు తక్కువ చేయొద్దు

డిసెంబరు సగానికొచ్చేసరికి మన గూడేల్లో ఇళ్ళ ముందు కాగితం నక్షత్రాలు వేలాడతాయి. దుమ్ముగూడెం, చర్ల, కూనవరం, చింతూరు, ఎటు పోయినా కనబడతాయి. వరి కోతలైపోయి ఇంట్లో నాలుగు గింజలుండే రోజులు. ఆశ్రమ పాఠశాల నుంచి పిల్లలు ఇంటికొస్తారు, ఉండేది ఒకట్రెండు రోజులే అయినా. చుట్టాలూ వస్తారు. శబరి అవతల నుంచి వచ్చేవాళ్ళు, పోలవరం కింద ఊరు పోయి కాలనీల్లో పడ్డవాళ్ళు, 2014లో గీత గీసి ఆంధ్రాలో కలిపేస్తే అక్కడుండిపోయిన మేనత్తలు. వీళ్ళలో చర్చికి పోయేవాళ్ళు ఉంటారు, పోనివాళ్ళు ఉంటారు. ఈ పోనివాళ్ళ గురించీ, వాళ్ళను చూస్తూ కూర్చునే పిల్లల గురించీ నాలుగు మాటలు చెప్పాలి.

కోయ కుటుంబంలో అందరూ ఒక్కవైపే ఉండటం అరుదు. అన్న చర్చికి పోతాడు, తమ్ముడు వేల్పు కొలుపుకి పోతాడు. కోడలు రోగం తగ్గిందని ప్రార్థనలో చేరుతుంది, మామ గూడెం పూజారి. అయినా 25వ తారీఖు మధ్యాహ్నం అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఇది మనకు కొత్తేం కాదు. దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ 1860ల నుంచీ ఉంది, గోదావరి పనుల మీద వచ్చిన హేగ్ అనే ఇంజనీరు దొర మొదలుపెట్టించాడు. అంటే నూటయాభై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో రెండు దారులున్నాయి. ఆ ఇళ్ళు విడిపోలేదు.

ఇప్పుడు మాత్రం విడిపోతున్నాయి. ఎక్కడో పెద్ద సభల్లో జరగట్లేదు ఇది, పండగ అన్నం దగ్గర జరుగుతోంది.

ఒక ఇంట్లో జరిగింది చెప్తాను. అన్నానికి ముందు ప్రార్థన. పట్నం నుంచి వచ్చిన పాస్టరు గారు ప్రార్థన చేస్తూ చేస్తూ రాళ్ళకూ చెట్లకూ మొక్కేవాళ్ళు ఏమవుతారో కూడా చెప్పేశారు. ఆ చాప మీదే తాత కూర్చున్నాడు. మెడలో తువ్వాలు, చేతులు ఒళ్ళో. ఆమెన్ అనగానే ఏడేళ్ళ మనవరాలు, పిల్ల గదా, మనసులో ఏమీ లేదు, "తాతా, నువ్వు మంటల్లోకి పోతావా?" అని అడిగింది. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. కోడికూర సగంలో వదిలేసి పశువులు చూసుకోవాలని లేచాడు. మరుసటి ఏడు ఆయన రాలేదు. ఆయన పండక్కి రాలేదంటే ఆ పిల్లకు తన గట్టు ఏదో, ఏ గట్టువాళ్ళు వరసవుతారో, ఇంటిపేరు వెనక కథ ఏంటో చెప్పే మనిషి రాలేదన్నమాట.

రెండోవైపు కూడా చూడాలి. ఇదే పిల్లను బడిలో తోటి పిల్లలు, మన పిల్లలే, "మీరు ఆదివాసులు కాదంట, మీ సర్టిఫికెట్ తీసేస్తారంట" అంటున్నారు. పదేళ్ళ పిల్లాడికి సర్టిఫికెట్ గురించి ఏం తెలుసు? పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాడు. డీలిస్టింగ్ అనే మాట ఇప్పుడు మన గూడేల్లోకి కూడా వచ్చేసింది.

అందుకని చట్టం ఏం చెప్తుందో ముందు తెలుసుకుందాం. షెడ్యూల్డ్ కులాలకు 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. కోయ కోయే, ఏ దేవుడికి మొక్కినా. 342వ అధికరణం కింద వచ్చిన జాబితా తెగల జాబితా, మతాల జాబితా కాదు. దాన్ని మార్చాలనే డిమాండు 1960ల చివర్లో కార్తీక్ ఓరాన్ రోజుల నుంచీ ఉంది, ఈమధ్య మళ్ళీ ఊపందుకుంది.

ఇంకోటి కూడా గమనించాలి. 2004లో కేరళ కేసులో, చంద్రమోహనన్ కేసు అంటారు, మతం మారినంత మాత్రాన తెగ పోదని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడితో ఆగలేదు. ఆ మనిషి తన తెగ ఆచారాలూ కట్టుబాట్లూ ఇంకా పాటిస్తున్నాడా లేదా అన్నది చూడాలని కూడా చెప్పింది. ఈ రెండో మాట మనవాళ్ళు ఎవరూ చదవరు. "మతం మారినా ఎస్టీనే" అని ఫోన్లో పంపించుకుని ఊరుకుంటారు. ఆచారాలు పాటిస్తున్నామని రేపు ఎవరైనా నిరూపించమంటే ఏం చూపిస్తాం? తాతకు దూరమైన పిల్లలను చూపిస్తామా?

సర్టిఫికెట్ కోసమే తాతను పిలవమని నా ఉద్దేశం కాదు. అలా పిలిస్తే ముందు తాతకే తెలిసిపోతుంది.

నది అవతల ఏం జరిగిందో చుట్టాలే చెప్తారు. 2022 డిసెంబరులో, క్రిస్మస్‌కి వారం పది రోజుల ముందు, నారాయణపూర్, కొండగావ్ జిల్లాల్లో వందల మంది క్రైస్తవ ఆదివాసులను సొంత ఊళ్ళ నుంచి తరిమేశారు. తరిమినవాళ్ళలో వాళ్ళ అన్నదమ్ములూ ఉన్నారు. 2025 జనవరిలో బస్తర్‌లో ఒక పాస్టరు చనిపోతే సొంత ఊళ్ళో పూడ్చనివ్వలేదు. శవం మార్చురీలో ఇరవై రోజుల దాకా ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలకు కూడా మాట కలవలేదు, చివరికి వేరే ఊళ్ళో క్రైస్తవుల శ్మశానంలో పూడ్చమన్నారు. అది ఆదివాసీ కుటుంబం కాదు, కానీ రేపు ఆ గొయ్యి ఎవరికి దొరకదో ఊహించుకోవడం కష్టం కాదు. శవం దగ్గర గొడవ ఒక్కరోజులో పుట్టదు. ఒకరి పండక్కి ఒకరు పోవడం మానేసిన ఏళ్ళు దాని వెనక ఉంటాయి.

మన కుర్రాళ్ళు కొందరు బిర్సా బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని, చర్చి మీద బాణం వేసిన వీరుడని చెప్తారు. నిజమే. 1899లో ఉల్‌గులాన్ మొదలైంది సరిగ్గా డిసెంబరు 24న. చర్చిల మీదకూ బాణాలు పోయాయి. ఆ బిర్సాయే చిన్నప్పుడు బాప్తిస్మం తీసుకుని చాయ్‌బాసా మిషన్ బడిలో చదివాడు. భూమి కోసం నిలబడ్డ ముండా సర్దార్ల పక్షాన మిషన్‌తో చెడి బయటికొచ్చాడు. గొడవ భూమి దగ్గరొచ్చింది. ఇంకో ముండా జైపాల్ సింగ్ క్రైస్తవుడు, 1928 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన హాకీ జట్టు కెప్టెన్. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి నిలబడి మనందరి తరఫున మాట్లాడాడు. ఆదివాసి అనే మాట కోసం కొట్లాడింది కూడా ఆయనే. ఇద్దరిలో ఒకరినే తాతగా ఒప్పుకుంటానంటే ఎలా?

ఇక ఇంటి సంగతి. నాకు తోచినవి చెప్తాను, ఒప్పుకోకపోతే చర్చించండి.

వంట దగ్గర మొదలుపెడదాం. చిక్కుడు కొత్తలు కాకుండా కొత్త చిక్కుడు నోట పెట్టని పెద్దలు మనకింకా ఉన్నారు. డిసెంబరులో సంతలో చిక్కుడు దొరుకుతుంది, కూర సులువు, వండేస్తాం. ఆ పెద్దాయన కంచంలో దాన్ని పక్కకు నెట్టుకుంటుంటే పిల్లలు చూస్తారు, "తాత ఎందుకు తినట్లేదు" అంటారు. "మూఢనమ్మకం" అని జవాబు చెప్పొద్దు. "మన గూడెంలో కొత్తలు ఇంకా కాలేదమ్మా, భూమికి ముందు పెట్టి ఆ తర్వాత మనం తింటాం" అని చెప్పండి. నిజానికి ఆరోజుకి వంకాయ వండితే గొడవే లేదు.

భాష. పాట తెలుగులో, వాక్యం తెలుగులో, ప్రార్థన తెలుగులో. అవ్వకు కోయే బాగా వచ్చు. పిల్లలు అవ్వతో కోయలో మాట్లాడింది ఆ రోజు మొత్తంలో పది మాటలుంటాయా? చర్చిలో ఏ భాషయినా పాడుకోండి. ఇంటికొచ్చాక అవ్వ పక్కన కూర్చోబెట్టండి పిల్లల్ని, ఫోను తీసేసి.

తాగే ముందు తాత నేల మీద రెండు చుక్కలు వదులుతాడు, పెద్దలకు. అది ఆయన ప్రార్థన. వాకిట్లో వదులుకోనివ్వండి. మీరు తాగకపోతే మానేయండి, ఆయన చెయ్యి పట్టుకోవద్దు.

చర్చికి పోని అన్నలకూ ఒక మాట. పిలిచినప్పుడు వెళ్ళండి. వెళ్ళి ఆ పిల్లలతో "మీ దేవుడు తెల్లోళ్ళ దేవుడు" అనకండి. మన వేల్పుల కథలు తీసుకెళ్ళి పురాణాల్లో కలిపేసి, ఇది కూడా మా మతమే అని చెప్పేవాళ్ళు చేస్తున్నది ఏంటి మరి? మన వేల్పు పేరు వాళ్ళ పుస్తకంలోనూ లేదు, వీళ్ళ పుస్తకంలోనూ లేదు. అది మూడో గట్టు, ఐదో గట్టు పెద్దల నోట్లో ఉంది. చర్చికి పోయే ఇళ్ళల్లో కూడా సంబంధం వచ్చిందంటే ముందు అడిగేది గట్టే గదా. ఆ ఒక్క ప్రశ్న మిగిలినన్నాళ్ళు మాట్లాడుకోవడానికి మనకు చోటుంది.

పాస్టరు గార్లలో మనవాళ్ళే చాలామంది, మంచివాళ్ళున్నారు. ముందుగానే కలిసి మర్యాదగా చెప్పండి. "అయ్యగారూ, మా ఇంట్లో ఆ రోజు మా మామగారు ఉంటారు, గూడెం పూజారి. ప్రార్థన చేయండి, ఆయన్ని ఉద్దేశించి ఏమీ అనొద్దు. అన్నాలయ్యాక ఆయన పిల్లలకు వేల్పు కథ చెప్తారు, మీరూ కూర్చోండి." కూర్చుంటే సంతోషం. పనుందంటే బండి దాకా సాగనంపి రండి, ఈలోపు తాత డోలు దించుకుంటాడు.