రజ్వీ శిక్ష: ఒక సవరణ



గత సంచికలోని వ్యాసమునఁ గాశీం రజ్వీ పత్రికాసంపాదకుఁడు షోయబుల్లాఖాను హత్యకు శిక్ష ననుభవించెనని వ్రాసిరి, అది సరికాదు. లాతూరు వకీలై, మజ్లిసు అధ్యక్షుఁడై, రజాకార్లను పల్లెలపై నుసిగొల్పిన యాతఁడు, హైకోర్టు ఆ కేసును కొట్టివేయఁగా, బీబీనగరము దోపిడీ కేసున మాత్రమే చెఱ ననుభవించి, 1957లో విడుదలయై, కరాచీకిఁ బోయి, 1970లో నచ్చటనే కన్నుమూసెను.  ఆతనికి మరణదండనమును నేను గోరను.

కాని, హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనము కావలెనని ‘ఇమ్రోజు’ పత్రికలో వ్రాసినందులకు, 1948 ఆగస్టులో రాత్రివేళ నిల్లు చేరుచున్న యా యువసంపాదకుని రజాకార్లు కాల్చి, వ్రాసిన చేతినే నఱికిరి, ఆ నెలలోనే భైరాన్‌పల్లి గ్రామస్థులను వరుసగా నిలిపి కాల్చిరి. నాఁడు సంస్థానపు సరిహద్దు దాటి మా కృష్ణాజిల్లా చేరిన శరణార్థుల గోడు విన్న ప్రాంతమువారము. కావున నీ సవరణను తప్పక ప్రకటింపఁ గోరుచున్నాను.

ఒక పాఠకుఁడు,
బాపులపాడు