నొప్పులను వినే యంత్రము – వినవలసిన మనము

పరవాడలోని మా వైద్యశాలకు ఇటీవల ఒక గృహిణి తన కోడలిని వెంటబెట్టుకొని వచ్చినది. కోడలికి ఏడవ నెల. ఆమె అడిగిన ప్రశ్నలు మూడు. "వైద్యులుగారూ, గర్భిణి పొట్ట మీద బిళ్ళలు అంటించి నొప్పులను కనిపెట్టే యంత్రం వచ్చిందట, నిజమేనా? మన శాస్త్రం దానిని ఒప్పుకుంటుందా? అటువంటిది ఒకటి కొని ఇంట్లో పెట్టుకుంటే ఆసుపత్రికి తిరుగుడు తప్పుతుందా?" ఈ ప్రశ్నలు అనేక కుటుంబాలకు కలుగునవే గనుక నా అభిప్రాయమును ఇక్కడ విన్నవించుకొనుచున్నాను.

మొదటి ప్రశ్నకు సమాధానము – నిజమే. గుండె కండరము ముడుచుకొనునపుడు పుట్టే విద్యుత్తును ఇ.సి.జి. ఎట్లు చర్మము మీద నుండియే గ్రహించునో, గర్భాశయ కండరపు విద్యుత్తును ఈ బిళ్ళలు అట్లే గ్రహించును. గుండె లయ కంటె ఇది మిక్కిలి మందగతి గలది. ఇందులో తల్లి గుండె చప్పుడు, శ్వాస, కదలికల వలన కలిగే అలలు కూడ కలిసిపోవును. వాటిని వడగట్టిన పిదపనే అసలు గీత తేలును.

ఇంతకు ముందున్న మార్గములు రెండు. ఒకటి పొట్టకు కట్టే పటకా. పొట్ట బిగుసుకొనుటను అది పైనుండి కొలుచును. కాని గర్భిణి పక్కకు తిరిగినా, శరీరము స్థూలమైనా సరిగా పనిచేయదు. రెండవది గర్భాశయములోనికి పంపే సన్నని గొట్టము. కొలత కచ్చితమే గాని ఉమ్మనీటి సంచి పగిలిన తరువాత మాత్రమే వాడదగినది. క్రిమిదోషము చేరే భయము కూడ కలదు. చర్మపు బిళ్ళలకు ఈ చిక్కులు తక్కువ. కొన్ని దేశాలలో కాన్పు గదులలో ఇవి ఇప్పటికే వాడుకలో ఉన్నవి.

రెండవ ప్రశ్న – శాస్త్ర సమ్మతమా? నిస్సందేహముగా. గర్భమును వెలుపలికి పంపుట అపాన వాయువు కార్యమని మన ఆచార్యులు చెప్పిరి. ప్రసవము సమీపించినపుడు కడుపు క్రిందికి జారుట, క్రింది భాగము బరువెక్కుట, గజ్జలలో, నడుములో, వీపులో పోట్లు, స్రావము, అన్నము మీద అయిష్టము కలుగునని, పిదప ఆవి, అనగా అసలు నొప్పులు ఆరంభమగునని చరకాచార్యుడు శారీర స్థానములో వర్ణించెను. ఆవి రాకముందే ముక్కించరాదని, అది వ్యర్థమే గాక బిడ్డకు చేటని కూడ హెచ్చరించెను. అనగా దొంగ నొప్పినీ నిజమైన నొప్పినీ వేరుచేయుట ఆనాడే ప్రధాన సమస్య. నేటి శాస్త్రము అదే సంగతిని మరొక విధముగా చెప్పుచున్నది. గర్భము మోసే కాలములో ఎక్కువ భాగము గర్భాశయ కండర కణములు దేనికది విడిగా ఉండును. ప్రసవము దగ్గరపడిన కొద్దీ వాటి మధ్య సంధులు ఏర్పడి, విద్యుత్తు ఒక్క అలగా వ్యాపించును. ఆ మార్పును గుర్తించుటకే ఈ గీతల పరిశీలన. తల్లిని కోయక, గుచ్చక, వినే సాధనమును వైద్యుడు ఏల కాదనవలెను?

మూడవ ప్రశ్నయే ముఖ్యము. యంత్రము ఇంట నుండిన ఆసుపత్రి అవసరము తీరునా? తీరదు.

అమెరికాలో నెలలు నిండక ప్రసవించే అవకాశము ఎక్కువగా గల 2,422 మంది గర్భిణులపై ఒక పరిశీలన జరిగి, ఫలితములు 1998లో వెలువడినవి. ఇంటి వద్ద పటకా యంత్రముతో ప్రతిదినము నొప్పులను నమోదు చేసినందువలన ముందస్తు కాన్పులు తగ్గలేదు. 2002లో వెలువడిన మరొక పరిశీలనలో 306 మంది గర్భిణుల నొప్పులను లెక్కించిరి. తరచు నొప్పులు వచ్చినవారిలో ముందస్తు కాన్పులు కొంత ఎక్కువే గాని, ఫలానా స్త్రీకి ముందే కాన్పగునని ఆ లెక్కను బట్టి చెప్పుటకు వీలు కాలేదు. అవి పటకాలు, ఇవి బిళ్ళలు కదా అందురేమో. స్లొవేనియా దేశములోని లుబ్లియానా ఆసుపత్రిలో 1997 నుండి 2005 వరకు బిళ్ళలతో సేకరించిన 300 నమోదులు నేడు ప్రపంచ పరిశోధకులందరికీ అందుబాటులో ఉన్నవి. వాటిలో నెలలు నిండక కాన్పైనవారివి 38 మాత్రమే. ఇంత కొద్ది సంఖ్యను ఆధారము చేసుకొని ఒక ఇల్లాలి ప్రాణమును పందెము కాయరాదు.

యంత్రమును మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. గురుకులములో మా గురువుగారి వద్ద సంవత్సరముల తరబడి నాడి పట్టుట నేర్చిన ఈ చేయి కూడ పొరబడినది. ముప్పది యేండ్ల క్రిందట ఎనిమిదవ నెల గర్భిణి ఒకతె నడుము నొప్పి అని వచ్చినది. పొట్ట మీద చేయి ఉంచి చూచితిని; నేను చూచినంతసేపు బిగువు కనబడలేదు. వాయువని చెప్పి, నూనె కాపడము పెట్టించి పంపితిని. "ఇది మామూలు నొప్పిలా లేదండీ" అని ఆమె రెండుసార్లు అన్నది. నేను నా చేతిని నమ్మితిని గాని ఆమె మాటను నమ్మలేదు. ఆ రాత్రియే ఉమ్మనీరు పోయినది. శిశువు ఊపిరికి ఎన్నో దినములు పోరాడి బ్రతికినది. అది ఆసుపత్రి వైద్యుల చలువ, నా విద్య కాదు.

అందువలన గృహస్థులకు నా మనవి. 37 వారములు నిండకముందు పొట్ట పది నిమిషములకొకసారి గాని, అంతకంటె తరచుగా గాని బిగుసుకొన్నను, నడుములో ఎడతెగని పోటు ఉన్నను, నీరు గాని రక్తము గాని కనబడినను, బిడ్డ కదలిక తగ్గినను ఇంట వాము కషాయములు, కాపడములు పెట్టుచు కూర్చుండవద్దు. మా వంటి వారి వద్దకు కూడ రావద్దు. నేరుగా కాన్పుల ఆసుపత్రికి పొండు. 34 వారములలోపు సకాలములో చేరినచో బిడ్డ ఊపిరితిత్తులు బలపడుటకు తల్లికి సూదిమందు ఇచ్చే అవకాశము కలదు. ఆ మందుకు కావలసినది కాలము. దానిని మనము ఇంటి గుమ్మములోనే పోగొట్టుకొనుచున్నాము.

మా ప్రాంతములో మగవారు ఫార్మా సిటీలోనో, సింహాద్రి విద్యుత్కేంద్రములోనో రాత్రి షిఫ్టులో ఉందురు. నొప్పులు షిఫ్టు చూచి రావు. ఏడవ నెల నుండియే ఎవరు తోడు వెళ్ళవలెనో, ఏ ఆసుపత్రికో నిశ్చయించుకొనుడు. 108 సంఖ్యను ఇంట అందరికీ కంఠస్థము చేయించుడు.

నిండు నూనె పాత్రను తొణకకుండ మోసినట్లు గర్భిణిని కాపాడవలెనని చరకుని ఉపదేశము. ఆ పాత్రను మోయవలసినవారు ఇంటివారే. యంత్రము వినును, వైద్యుని చేయి వినును. కాని "ఇది మామూలు నొప్పి కాదు" అని ఆ తల్లి చెప్పిన మాటను అందరికంటె ముందు వినవలసినవారు మీరు.