పరగడుపు అంకె ఒక్కటే చాలదు

పొద్దున్నే పార్కులో నడిచే పెద్దవాళ్ల మధ్య షుగరు ముచ్చట రెండు ముక్కల్లో తేలిపోతుంది. "మీకెంతండీ?" "పరగడుపున నూట పన్నెండు." "ఇంకేం, బాగానే ఉంది!" మధ్యాహ్నం మారు వడ్డించుకుని, పెరుగన్నంతో ముగించి, కాస్త నడుం వాల్చాక అదే మనిషికి ఎంత ఉంటుందో ఆయనా చెప్పడు, ఎవరూ అడగరు. చెబుదామన్నా ఆయనకు తెలిస్తే కదా! గ్లూకోమీటరు ఇంట్లోనే, టీవీ కింద సొరుగులో ఉంటుంది. అది బయటికొచ్చేది పొద్దునపూటే.

పరగడుపు అంకె పనికిరానిదని కాదు. రాత్రంతా కాలేయం వదిలే గ్లూకోజును మందు ఎంతవరకు అదుపు చేస్తోందో అది చెబుతుంది. తిన్న తిండి ఏం చేసిందో మాత్రం చెప్పదు.

ఆ రెండో సంగతిని తన ఒంటిమీదే తేల్చుకున్నవాడు ఒక అమెరికన్ ఇంజినీరు. రిచర్డ్ బెర్న్‌స్టీన్‌కు పన్నెండో ఏట టైప్ 1 మధుమేహం వచ్చింది. డాక్టర్లు చెప్పినట్టే నడుచుకున్నా ముప్పై దాటాక మూత్రపిండాలు దెబ్బతినే సూచనలు కనిపించాయి. 1969లో ఒక పత్రికలో ఏమ్స్ కంపెనీ మీటరు ప్రకటన ఆయన కంటపడింది. స్పృహ లేకుండా ఆస్పత్రికి వచ్చినవాడు తాగి పడిపోయాడా, షుగరు వల్ల పడిపోయాడా అని ఎమర్జెన్సీ డాక్టర్లు తేల్చుకోవడానికి పనికొచ్చే యంత్రమది. బరువు కిలో పైమాటే, ధర 650 డాలర్లు. అప్పట్లో రోగులకు అమ్మేవాళ్లు కాదు. భార్య డాక్టరు కావడంతో ఆమె పేరుమీద తెప్పించుకున్నాడు. రోజుకు ఐదారుసార్లు రక్తం చూసుకుంటూ, ఏ తిండికి ఎంత పెరిగిందో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత దిగిందో రాసుకున్నాడు. తిండిలో పిండిపదార్థాలు బాగా తగ్గించాక ఎగుడుదిగుళ్లు సద్దుమణిగాయి. ఆ సంగతులన్నీ రాసి పంపితే వైద్య పత్రికలు తిప్పి పంపాయి. పంతం పట్టి నలభై ఐదో ఏట మెడికల్ కాలేజీలో చేరి డాక్టరయ్యాడు. 2025లో, తొంభయ్యో ఏట కన్నుమూశాడు.

రోజుకు 30 గ్రాముల పిండిపదార్థాలతో సరిపెట్టుకోమన్న ఆయన తిండి, అన్నం తినే ఇంట్లో నాలుగు రోజులు కూడా నిలవదు. అందరికీ అది అవసరమూ కాదు. తీసుకోవాల్సింది ఆయన వేసుకున్న ప్రశ్న: ఈ భోజనం నాకేం చేసింది?

ప్రశ్న లేకుండా మీటరు నొక్కితే ఏమవుతుందో కూడా తెలిసిందే. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇన్సులిన్ వాడని టైప్ 2 రోగులు 450 మందిని ఏడాదిపాటు గమనించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. రోజూ ఇంట్లో పరీక్ష చేసుకున్నవాళ్లకూ, చేసుకోనివాళ్లకూ ఏడాది చివర సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆశ్చర్యమేముంది? అంకె చూసి నిట్టూర్చి, మళ్లీ అవే నాలుగు ఇడ్లీలు లాగిస్తే షుగరెందుకు తగ్గుతుంది!

కాబట్టి మారాల్సింది కంచం. భారతీయులు తీసుకునే శక్తిలో 60 నుంచి 75 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, మధుమేహం ఉన్నవాళ్లు దాన్ని 50–55 శాతానికి తగ్గించి ప్రొటీన్లు పెంచుకోవాలని దేశవ్యాప్త మధుమేహ అధ్యయనమైన ఐసీఎంఆర్–ఇండియాబ్ పరిశోధకులు 2022లో సూచించారు. వంటింటి లెక్కలో చెప్పాలంటే ఒక హస్తం అన్నం తగ్గాలి, ఆ చోటులోకి పప్పో, గుడ్డో, చేప ముక్కో, ఇంకాస్త కూరో రావాలి. తినే వరస కూడా లెక్కలోకి వస్తుంది. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలవాళ్లు 2015లో 11 మందికి ఒకే భోజనం రెండు వరసల్లో పెట్టి చూశారు. బ్రెడ్డు కంటే ముందు కూరగాయలు, కోడిమాంసం తిన్న రోజు, గంట తర్వాత గ్లూకోజు 37 శాతం తక్కువగా ఉంది. చిన్న పరీక్షే. కానీ ఇంట్లో చేసి చూడటానికి ఖర్చేమీ లేదు. బీరకాయ కూర, కాస్త పప్పు ముందు ఉత్తిగానే తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోవడమే. వడ్డించేవాళ్లు విచిత్రంగా చూస్తారు, చూడనివ్వండి.

రాగి జావ సంగతీ ఇలాగే మీటరుతో తేల్చుకోవాలి. రాగులు మంచివే. అయితే మెత్తటి పిండిని ఉడికించి పెద్ద గ్లాసుడు తాగితే త్వరగా అరిగి షుగరు గబుక్కున పెరగొచ్చు. తిన్నది షుగరును ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచి, షుగరు బియ్యంగా పేరుపడ్డ తెలంగాణ సోనాకు 51 దగ్గర ఉంటుందంటారు. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. ఆ భరోసాతో మారు మీద మారు వడ్డించుకుంటే సూచి ఏం కాపాడుతుంది?

పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. మామిడిపండు కోసిన వేలితో పరీక్ష చేస్తే పండులోని చక్కెర కూడా అంకెలో కలుస్తుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, తేమ తగిలితే పాడవుతాయి. పది పాయింట్ల తేడాకు కంగారు పడొద్దు, మంచి మీటరుకైనా 15 శాతం అటూఇటూ ఉండొచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని అంకె దించడం పాత విద్య. హెచ్‌బీఏ1సీ ముందు ఆ పప్పులుడకవు. రెండు మూడు నెలల బాగోతం అందులో బయటపడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ఉన్నట్టుండి అన్నం బాగా తగ్గిస్తే షుగరు పడిపోవచ్చు. మందు మోతాదు గురించి ముందే డాక్టరును అడగాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, మీటరు 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి.

స్ట్రిప్పులు ఖరీదు, నిజమే. అందుకే రోజూ అక్కర్లేదు. ఈ వారం ఒక్క భోజనం ఎంచుకోండి. మొదటి ముద్దకు ముందు ఒకసారి, అక్కడినుంచి రెండు గంటలకు ఇంకోసారి చూడండి. రెండో అంకె 180 దాటితే, వచ్చే వారం అదే భోజనంలో అన్నం కొంచెం తగ్గించి, లేదా తిన్నాక పావుగంట నడిచి మళ్లీ చూడండి. ఆ రెండు జతల అంకెలూ, ఏం తిన్నారన్నదీ చీటీ మీద రాసి డాక్టరుకు చూపించండి.