గాలి వాటం తెలిసిన కెమెరా

ఇంగ్లిషువాళ్లు హారియర్ అనే పక్షిని మనవాళ్లు పిల్లి గద్ద అన్నారు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ, దాన్ని పొద్దస్తమానం చూసినవాళ్లే అయి ఉంటారు. మామూలు గద్దలా అది నడినెత్తిన చక్కర్లు కొట్టదు. రెక్కలు కాస్త పైకెత్తి, గడ్డి కొసలను రాసుకుంటున్నట్టుగా, ఎలుక కోసం పొంచి నడిచే పిల్లిలా మెల్లగా సాగుతుంది. గుడ్లగూబను తలపించే గుండ్రటి ముఖం దానిది. గడ్డి లోపలి అలికిడిని చెవితోనూ పసిగడుతుంది.

చలికాలం రాగానే ఈ పక్షులు మధ్య ఆసియా మైదానాల నుంచి నంద్యాల జిల్లా రోళ్లపాడు దాకా వస్తాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది. బట్టమేక అక్కడ కనిపించడం గగనమైపోయింది. పిల్లి గద్దలు వస్తున్నాయి, వాటి వెంట కెమెరాలూ వస్తున్నాయి.

ఎగిరే వేటపక్షిని ఫొటో తీయాలనుకునేవాళ్లు మొదట లెన్స్ గురించే అడుగుతారు. 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే మంచిదే. షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు దగ్గర పెట్టుకుంటే రెక్కల కొసలు చెదరవు. వెనక తెల్లటి ఆకాశం ఉంటే పక్షి నల్లటి నీడలా పడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచుకోవాలి. ఇవి కొన్నాళ్లలో పట్టుబడతాయి. ఏళ్లు పట్టేది గాలిని చదవడం.

పక్షి లేచినా, వాలినా ఎదురుగాలికి తిరుగుతుంది. పిల్లి గద్ద గడ్డిని వెతికేటప్పుడూ ఎదురుగాలికైతేనే నిదానంగా సాగుతుంది. శీతకాలంలో మనకు ఎక్కువగా ఈశాన్యపు గాలి. పొద్దున్నే తూర్పుకు వీపు పెట్టి నిలబడితే ఎండా, గాలీ రెండూ మన వెనకే ఉంటాయి. ముఖాన వెలుగు పడుతుండగా పక్షి తనంతట తానే మనవైపు వస్తుంది. మనం అడుగు కదపనక్కర్లేదు.

ఆ ఓపిక లేనప్పుడే బండి గడ్డిలోకి దిగుతుంది. ఈ పక్షులు చెట్ల మీద కాదు, సాయంత్రానికి గుంపుగా చేరి నేల మీద, గడ్డిలోనే పడుకుంటాయి. ఆ వేళ ఒక జీపు బాట వదిలి వాటి మధ్యకు వెళ్లడం కళ్లారా చూశాను. వాలిన పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. చీకటి పడ్డా కొన్ని దిగలేక పైనే తిరుగుతూ ఉండిపోయాయి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి, వేసవికి ముందే మళ్లీ అంత దూరం పోవాల్సిన ప్రాణికి పగలంతా మిడతలు ఏరుకుని కూడబెట్టుకున్న సత్తువే ఆస్తి. మనం ఒక ఫొటో కోసం దాన్ని ఖర్చు పెట్టిస్తున్నాం.

అలా తీసిన ఫొటో దాగదు కూడా. వేటలో ఉన్న పిల్లి గద్ద తల వంచి గడ్డిని చూస్తుంది. బెదిరి లేచినది మెడ తిప్పి మనల్ని చూస్తుంది. ఫొటో పోటీల న్యాయనిర్ణేతలు రెక్కల సొగసుతో పాటు ఆ మెడనూ చూడాలని నా మనవి. ఎక్కడ నిలబడి తీశారు, ఎర వేశారా, బాట దిగారా అని అడగాలి. చెరువు గట్టున కోడి వ్యర్థాలు విసిరి గద్దలను కిందికి దింపి తీసిన ఫొటోకు బహుమతి ఇవ్వకూడదు. గూడు ఉన్న చోటు ఊరందరికీ చాటిన ఫొటోకు అసలే ఇవ్వకూడదు.

కొత్తగా కెమెరా పట్టినవాళ్లు రోళ్లపాడు దాకా పోనక్కర్లేదు. ఊరి బయట పొలాల్లో కరెంటు తీగ మీద అడవి రామదాసు కూర్చుని ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు, నల్లటి భుజాలు, ఎర్రటి కళ్లు. ఎలుక కనబడితే గాలికి ఎదురు తిరిగి, రెక్కలాడిస్తూ ఉన్నచోటే నిలబడుతుంది. గాలిని నేర్పడానికి అంతకంటే మంచి గురువు లేదు.

ఆ పక్క కళ్లంలో ఎవరైనా చేట ఎత్తి ధాన్యం తూర్పారబడుతుంటే ముందు వాళ్లను చూడండి. చేట ఎత్తే ముందు వాళ్లు గుప్పెడు పొట్టు జారవిడిచి, అది ఎటు పోతుందో చూసుకుంటారు. ఆ తర్వాతే నిలబడే చోటు ఎంచుకుంటారు. కెమెరా బయటికి తీసే ముందు మనమూ ఆ పని చేద్దాం.